పది రోజులు, ఐదు వేలు: యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఎన్నికల్లో ప్రచారం చేయడం ఎలా

తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘం ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు దాటింది. అందుకే డిగ్రీ ఏ గుంటూరులోనో వరంగల్లోనో చదివి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో చేరినవాళ్లకు ప్యానెల్ (అంటే అన్ని పదవులకూ కలిసి నిలబడే అభ్యర్థుల జట్టు), నామినేషన్, మెస్ క్యాంపెయిన్ అన్నీ కొత్తగానే ఉంటాయి. కేరళ నుంచి వచ్చిన పక్క గది కుర్రాడు అప్పటికే రెండు మూడు కాలేజీ ఎన్నికలు చూసేసి ఉంటాడు. ఆ తేడాను పూడ్చడానికే ఇది రాస్తున్నాం. హెచ్‌సీయూని దృష్టిలో పెట్టుకుని రాసినా, విద్యార్థి ఎన్నికలపై లింగ్డో కమిటీ పెట్టిన నిబంధనల కింద ఎన్నికలు జరిగే ఏ క్యాంపస్‌లోనైనా చాలా మటుకు పనికొస్తుంది.

హెచ్‌సీయూ సంఘంలో ప్రధానంగా ఆరు పదవులు: అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, సాంస్కృతిక కార్యదర్శి, క్రీడా కార్యదర్శి. ఇవి కాక స్కూళ్లవారీగా (స్కూల్ అంటే ఇక్కడ కొన్ని డిపార్ట్‌మెంట్లు కలిసిన విభాగం) కౌన్సిలర్లు ఉంటారు. మొదటిసారి నిలబడేవాళ్లు కౌన్సిలర్ పదవిని చిన్నచూపు చూడొద్దు. అక్కడ ఓటర్లు వందల్లోనే ఉంటారు, అందరినీ ముఖాముఖి కలవొచ్చు, ఖర్చూ తక్కువే.

ముందు నిబంధనలు చదవండి

సుప్రీంకోర్టు ఆదేశంతో, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన వేసిన కమిటీ 2006 మేలో నివేదిక ఇచ్చింది. ఆ సిఫార్సులను అమలు చేయాలని అదే ఏడాది సెప్టెంబరు 22న కోర్టు చెప్పింది. అప్పటి నుంచి దేశమంతటా విద్యార్థి ఎన్నికలకు అదే కొలబద్ద. పదుల పేజీల నివేదిక మొత్తం బట్టీ పట్టనక్కర్లేదు కానీ అర్హతల భాగం, ప్రవర్తనా నియమావళి భాగం మాత్రం చేతిలో ఉండాలి. మీ యూనివర్సిటీ ఎన్నికల కమిషన్ ఇచ్చే నోటిఫికేషన్ దాని పక్కన పెట్టుకుని, ఎక్కడ తేడా ఉందో చూసుకోండి.

వయసు దగ్గరే చాలామంది ఆగిపోతారు. డిగ్రీ విద్యార్థులకు 17 నుంచి 22 ఏళ్లు, పీజీ వాళ్లకు గరిష్ఠంగా 24-25, పరిశోధక విద్యార్థులకు 28. మధ్యలో ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లు ఈ గీత ఇట్టే దాటేస్తారు. ఏ తేదీ నాటికి వయసు లెక్కిస్తారో నోటిఫికేషన్‌లో వెతకండి, లేకపోతే రిటర్నింగ్ ఆఫీసర్‌ను కాగితం మీద అడగండి. హాజరు 75 శాతం, లేదా యూనివర్సిటీ పెట్టిన కనీసం, ఏది ఎక్కువైతే అది ఉండాలి. పోటీ చేసే ఏడాది బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. ఆఫీస్ బేరర్ పదవికి పోటీ చేసే అవకాశం ఒక్కసారే, కార్యవర్గ సభ్యుడి పదవికి రెండుసార్లు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పోటీయే. గెలుపోటములతో దానికి పని లేదు. కాబట్టి మొదటి ఏడాది సరదాకి నామినేషన్ పడేయడం అంటే ఉన్న ఒక్క టికెట్టూ చింపేసుకోవడమే.

క్రిమినల్ కేసుల్లో విచారణను ఎదుర్కొన్నా, శిక్ష పడినా, యూనివర్సిటీ క్రమశిక్షణ చర్య తీసుకున్నా అనర్హతే. ధర్నాల్లో పాల్గొన్నవాళ్ల మీద ఒక్కోసారి వాళ్లకే తెలియకుండా ఎఫ్ఐఆర్‌లో పేరు ఉంటుంది. నామినేషన్‌కు ముందే ఆ సంగతి తేల్చుకుని, అవసరమైతే వకీలుతో మాట్లాడండి. దాచిపెట్టి గెలిస్తే ఫలితం తర్వాత పదవి పోతుంది. ఆ ఏడాది ప్యానెల్ పరువూ దానితోనే పోతుంది.

పది రోజుల్లో పరిచయాలు కుదరవు

నామినేషన్ నుంచి ఫలితం దాకా మొత్తం ప్రక్రియ పది రోజులు మించకూడదని నిబంధన. విద్యాసంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎన్నికలు పెట్టాలన్నది ఇంకో నిబంధన. అది అన్నిచోట్లా సరిగ్గా పాటించరనుకోండి, అది వేరే సంగతి. పది రోజుల్లో నామినేషన్లు, స్క్రూటినీ, ఉపసంహరణ పోగా అసలు ప్రచారానికి మిగిలేది ఐదారు సాయంత్రాలు. ఐదారు సాయంత్రాల్లో కొత్తవాళ్లతో పరిచయం పెంచుకోలేరు. ఉన్న పరిచయాన్ని ఓటుగా మార్చుకోగలరు, అంతే. అసలు ప్రచారం అడ్మిషన్ల రోజుల్లోనే మొదలవుతుంది. కొత్తవాళ్లు సూట్‌కేసులు మోసుకుంటూ వచ్చినప్పుడు హెల్ప్ డెస్క్ దగ్గర నిలబడటం, హాస్టల్ గది దొరకనివాడికి రెండు రాత్రులు తలదాచుకునే చోటు చూపించడం, ఫెలోషిప్ ఫైలు ఏ సెక్షన్‌లో ఆగిందో కనుక్కుని చెప్పడం, ఇవన్నీ అందులో భాగమే.

ఇక లెక్క. ఊహకోసం ఐదు వేలమంది ఓటర్లున్నారనుకోండి. 75 శాతం పోలైతే 3,750. ముక్కోణపు పోటీలో 1,500 చేరువకు వస్తే గట్టెక్కుతారు. ముఖాముఖి పోటీలో 1,900 కావాలి. అంటే నోటిఫికేషన్ వచ్చేనాటికి మీ వైపు ఖాయంగా ఉన్నవాళ్లు కనీసం ఐదారు వందలు లేకపోతే, మిగతాది పోస్టర్లు తెచ్చిపెట్టవు.

ఈ లెక్కను కాగితం మీదికి తెచ్చేది రిజిస్టరు. ఒక పొడవాటి నోటుబుక్కు కొని, హాస్టల్‌వారీగా, ఫ్లోరువారీగా గది నంబర్లు రాయండి. డే స్కాలర్లకు డిపార్ట్‌మెంట్‌వారీగా వేరే పేజీలు. ప్రతి గది ఎదుటా నాలుగు గుర్తుల్లో ఒకటి: ఖాయం, ఊగిసలాట, మనది కాదు, ఇంకా కలవలేదు. అంతకుమించి ఏమీ రాయొద్దు. కులం, మతం, రాష్ట్రం కాలమ్‌లు పెట్టిన రిజిస్టరు ఎవరి చేతిలోనైనా పడితే దాని ఫొటో రాత్రికి రాత్రే క్యాంపస్ అంతా తిరుగుతుంది. పైగా కులమత భావాలను రెచ్చగొట్టి ఓట్లడగడం నియమావళి ప్రకారం నిషిద్ధం కూడా. అనుభవం లేనివాళ్లు ఎప్పుడూ చేసే తప్పు, తలూపిన ప్రతివాడినీ ‘ఖాయం’లో వేసుకోవడం. మన క్యాంపస్‌లో మొహమాటం ఎక్కువ. తలుపు తీసినవాడు అన్ని ప్యానెళ్లకూ ‘సరే అన్నా’ అనే అంటాడు. ‘నేను మీకే వేస్తా, మా రూమ్మేట్‌కి కూడా చెబుతా’ అని అవతలివాడు తనంతట తాను అంటేనే ఖాయం. మిగతాదంతా ఊగిసలాటే.

డ్రాఫ్ట్ ఓటరు జాబితా వచ్చిన రోజే దాన్ని రిజిస్టరుతో సరిచూడండి. ఫీజు ఆలస్యంగా కట్టినవాళ్లు, పరిశోధక విద్యార్థుల్లో సెమిస్టరు రిజిస్ట్రేషన్ చేయించుకోనివాళ్లు జాబితాలో గల్లంతవుతుంటారు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు ఒకటి రెండు రోజులే. పోలింగ్ నాడు బూత్ దగ్గర లబోదిబోమన్నా లాభం ఉండదు.

ప్యానెల్, నామినేషన్

ఏఎస్‌ఏ (అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్), ఎస్‌ఎఫ్‌ఐ, ఏబీవీపీ, ఎన్‌ఎస్‌యూఐ లాంటి సంఘాలు ఏ ఏటికాయేడు ఒంటరిగానో పొత్తులోనో ప్యానెల్ వేస్తాయి. స్వతంత్రంగా గెలవడం అసాధ్యమేమీ కాదు. సాంస్కృతిక, క్రీడా పదవుల్లో కొంచెం తేలిక కూడా, ఎందుకంటే అక్కడ ఓటరు మనిషిని చూస్తాడు. పొత్తు చర్చలు అర్ధరాత్రి దాకా సాగి, అధ్యక్ష పదవి ఎవరిదన్న దగ్గర తెగిపోవడం మామూలే. అందుకని పొత్తు కుదిరినా కుదరకపోయినా ఆరు పదవులకూ నామినేషన్ పత్రాలు నింపి సిద్ధంగా ఉంచుకోండి. ఉపసంహరణకు ఎలాగూ గడువుంటుంది. పొత్తు మాటలు నోటిమాటగా వదలకుండా, ఏ పదవి ఎవరిది, కరపత్రం ఖర్చు ఎవరిది, గెలిచాక కమిటీల్లో ఎవరెవరు అన్నది అరపేజీలో రాసి సంతకాలు పెట్టించుకోండి.

నామినేషన్లు తిరస్కరణకు గురయ్యేది పెద్ద కారణాలతో కాదు. ఐడీ కార్డులో ఇంటిపేరు ముందుంటే నామినేషన్‌లో వెనక రాయడం, ప్రతిపాదించిన వ్యక్తి ఇంకో అభ్యర్థికీ సంతకం పెట్టి ఉండటం, కౌన్సిలర్ నామినేషన్‌కు వేరే స్కూల్ విద్యార్థితో బలపరిపించడం, హాజరు ధ్రువపత్రం మీద డిపార్ట్‌మెంట్ ముద్ర లేకపోవడం. ఇవే ఏటా పునరావృతమవుతాయి. డిపార్ట్‌మెంట్ హెడ్ సెలవులో ఉంటే ఇన్‌ఛార్జి ఎవరో ముందే తెలుసుకోండి. రెండు సెట్లు వేర్వేరు ప్రతిపాదకులతో నింపి, గడువుకు ఒకరోజు ముందే ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. స్క్రూటినీకి అభ్యర్థి స్వయంగా వెళ్లాలి, చేతిలో పదో తరగతి మెమో, ఐడీ కార్డు, హాజరు పత్రం అసలువి ఉండాలి.

ఐదు వేల రూపాయలు

అభ్యర్థి ఖర్చు రూ. 5,000 దాటకూడదు. 2006లో పెట్టిన అంకె అది. ఇన్నేళ్లలో టీ ధర ఎన్ని రెట్లయిందో అందరికీ తెలుసు కానీ, కాగితం మీద పరిమితి పరిమితే. విద్యార్థుల నుంచి స్వచ్ఛందంగా వచ్చిన విరాళాలు తప్ప పార్టీల సొమ్ము వాడకూడదు. ఫలితం వచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేయించిన లెక్కలు ఇవ్వాలి. ఒక అభ్యర్థికి సుమారుగా ఇలా సరిపోతుంది, ధరలు ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. చార్టులు 60, ఒకటి పది రూపాయల చొప్పున 600. పోస్టర్ రంగులు 500. బ్రష్‌లు, మార్కర్లు 300. బ్యానర్లకు తెల్ల కాటన్ గుడ్డ పది మీటర్లు 600. జిగురుకు మైదా 100. టేపు, సుతిలి 200. కరపత్రం జిరాక్సులు 1,500. కార్యకర్తల టీలకు 600. చివరి రెండు రోజుల కోసం 600 పక్కన పెట్టాలి. ఆ చివరి 600 ముందే ఖర్చుపెట్టేసిన ప్యానెల్ వర్షానికి తడిసిన బ్యానర్‌ను మళ్లీ రాయించలేక అవస్థ పడుతుంది. ఎన్నికలు చాలాసార్లు వానాకాలం చివర్లోనే పడతాయి మరి.

జిరాక్సు విషయంలో జాగ్రత్త. అచ్చు వేసిన పోస్టర్లు, కరపత్రాలు నిషేధం, చేత్తో చేసిన పోస్టర్లకే అనుమతి. చేత్తో రాసిన కరపత్రాన్ని జిరాక్సు తీస్తే అది అచ్చు కిందికి వస్తుందా రాదా అన్నదానికి ఒక్కో చోట ఒక్కో ఆనవాయితీ ఉంది. మొదటి రోజే ఎన్నికల కమిషన్‌ను రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైలులో పెట్టుకోండి. కాదంటే ఆ 1,500 గోడపత్రికల మీదికి మళ్లించండి. ప్రతి ఖర్చుకూ బిల్లు ఉండాలి. టీ బండివాళ్లు బిల్లివ్వరు కాబట్టి తేదీ, కప్పులు, మొత్తం రాసిన వోచరు మీద సంతకం తీసుకుంటే సరిపోతుంది. డబ్బు ఒక్కరి దగ్గరే ఉండాలి, ఆ ఒక్కరు అభ్యర్థి కాకూడదు.

పోస్టర్లు

చేత్తో రాసే పోస్టర్‌లో అందరూ చేసే తప్పు ఎక్కువ రాయడం. నడుస్తూ వెళ్లేవాడు మూడు సెకన్లు చూస్తాడు. పేరు, పదవి, బ్యాలెట్ నంబరు, ఒక్క వాక్యం. ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తుండాలన్న లెక్క పెట్టుకోండి. రోడ్డు అవతలి నుంచి 30 అడుగుల్లో చదవాలంటే మూడంగుళాలు. తెలుగులో రాస్తే ఇంకో చిక్కుంది. ఒత్తులు కిందికి, గుడులు పైకి చోటు తింటాయి. వరుసకూ వరుసకూ మధ్య అక్షరం ఎత్తులో కనీసం సగం ఖాళీ వదలకపోతే ‘ప్రధాన కార్యదర్శి’ అన్నది దూరం నుంచి నల్లటి ముద్దలా కనిపిస్తుంది. ముందు పెన్సిల్‌తో గీతలు గీసి, అక్షరాలు తేల్చుకున్నాకే రంగు ముంచండి. పసుపు చార్టు మీద నలుపు, తెలుపు మీద ముదురు నీలం బాగా కనిపిస్తాయి. ఎరుపు మీద నీలం కళ్లు చెదరగొడుతుంది.

బ్యాలెట్ నంబరు ఉపసంహరణలు ముగిశాక గానీ తెలియదు. అందుకని పోస్టర్లన్నీ ముందే రాసి, కుడివైపు కింద ఆరంగుళాల గడి ఖాళీగా వదిలేయండి. జాబితా వచ్చిన సాయంత్రం నలుగురు కూర్చుంటే గంటలో అన్నిట్లో నంబర్లు పడిపోతాయి. ఇలా చేయని ప్యానెల్ ప్రచారంలో ఒక పూట పూర్తిగా పోగొట్టుకుంటుంది.

జిగురుకు లీటరు నీళ్లకు వంద గ్రాముల మైదా. ముందు కొద్ది చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మిగతా నీళ్లలో పోస్తూ తిప్పాలి. చిక్కబడి మెరుపు రాగానే దించేయాలి. ఒక్క రోజు నిలవుంటే పులుస్తుంది. చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు, పాడవదు. కానీ అది విషం. మెస్ గిన్నెల్లో కలపొద్దు, చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు, కుక్కలు తిరిగే చోట డబ్బా వదిలేయొద్దు. ఎక్కడ అంటించాలో కమిషన్ ముందే ప్రకటిస్తుంది, అక్కడే అంటించండి. స్కూల్ గోడల మీద, రాళ్ల మీద, చెట్లకు మేకులతో కొట్టినవి ప్రత్యర్థి ఫొటో తీసి ఫిర్యాదు చేయడానికే పనికొస్తాయి. మీ పోస్టర్ ఎవరైనా చింపితే, తిరిగి వాళ్లది చింపకుండా తేదీ, టైము కనిపించేలా ఫొటో తీసి లిఖితంగా ఫిర్యాదు ఇవ్వండి.

గది గదికీ

గెలుపోటములు తేలేది ఇక్కడే. సాయంత్రం ఏడున్నర నుంచి పదిన్నర దాకా మూడు గంటలు. తలుపుకు నడకతో కలిపి ఐదు నిమిషాలు వేసుకుంటే 36 గదులు. అందులో మూడో వంతు తాళాలు వేసి ఉంటాయి. మిగిలేవి 24, మనుషులు యాభై లోపు. అభ్యర్థి ఒక్కడే తిరిగితే ఆరు సాయంత్రాల్లో మూడు వందల మందిని కూడా కలవలేడు. కాబట్టి కనీసం నాలుగు బృందాలు ఉండాలి, బృందానికి ముగ్గురు. మాట్లాడేది ఒకరు, రిజిస్టరు రాసేది ఇంకొకరు. మూడో మనిషి ఆ ఫ్లోరులోనే ఉండేవాడు. ఆ మూడోవాడు లేని బృందం సేల్స్‌మెన్ల గుంపులా ఉంటుంది. పదిహేనుమంది గుంపుగా వెళ్లి నినాదాలతో తలుపు తడితే లోపలివాడు బిత్తరపోయి అన్నిటికీ తలూపి పంపేస్తాడు, ఆ తర్వాత ఓటు వేరేవాళ్లకు వేస్తాడు. అభ్యర్థిని ఊగిసలాట గదులకే పంపండి. ఖాయం గదుల్లో కూర్చుని టీ తాగుతూ కాలక్షేపం చేయడం హాయిగానే ఉంటుంది, కానీ దానివల్ల ఒక్క ఓటూ పెరగదు.

గదిలో ఏం మాట్లాడాలి? ముందు అడగండి. ‘అన్నా, నేను ఫలానా, హిస్టరీ సెకండియర్, జాయింట్ సెక్రటరీకి నిలబడ్డాను. మీ బ్లాకులో నీళ్ల సమస్య తీరిందా?’ అవతలి మనిషి మాట్లాడితే రెండు నిమిషాలు వినండి, నోట్ చేసుకోండి. తర్వాత ఒక్క హామీ, బ్యాలెట్ నంబరు, పోలింగ్ తేదీ. వాదనకు దిగేవాడు తగిలితే, ‘రేపు మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చుందాం అన్నా’ అని నవ్వుతూ తప్పుకోండి. ఒక గదిలో అరగంట వాదించి నెగ్గినా పోయేది మిగతా ఆరు గదులు.

లేడీస్ హాస్టళ్లలోకి అమ్మాయిలే వెళ్లాలి, వార్డెన్ అనుమతి ఉండాలి. ఏ ప్యానెల్‌కైనా తల తిరిగేది ఇక్కడే. నోటిఫికేషన్ వచ్చాక ‘అమ్మాయిలెవరైనా ఉన్నారా’ అని వెతుక్కునే సంఘానికి ఆ హాస్టళ్లలో ఓటు రాదు, రాకూడదు కూడా. ఫ్లోరుకు ఇద్దరు చొప్పున ముందునుంచీ పనిలో ఉన్నవాళ్లు కావాలి. ప్యానెల్‌లో వాళ్లకు సాంస్కృతిక కార్యదర్శి పదవి ఒక్కటి పడేసి సరిపెట్టకూడదు.

పరిశోధక విద్యార్థులు, ముఖ్యంగా సైన్స్ స్కూళ్లవాళ్లు, రాత్రి పది దాటితే గానీ గదికి రారు. వాళ్లను ల్యాబ్ దగ్గర టీ టైములో, అంటే సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో కలవండి. ల్యాబ్ లోపలికి మాత్రం వెళ్లొద్దు. ఇంటిగ్రేటెడ్ కోర్సుల మొదటి ఏడాదివాళ్లకు ఇది తొలి ఓటు. ‘ఎవరికి వేయాలి’ కంటే ‘ఎలా వేయాలి’ అన్న సందేహమే వాళ్లకు ఎక్కువ. ఆరు పదవులకు ఆరు ఓట్లు, ఒక్కో పదవికి ఒక్కటే గుర్తు అని చేత్తో గీసిన నమూనా బ్యాలెట్ చూపించండి.

భాష సంగతి. తెలుగువాళ్లు ఎక్కువున్న ఫ్లోరులో తెలుగులో మాట్లాడితే దగ్గరతనం వస్తుంది. కానీ ఆ గదిలో ఒక ఒడియా, ఒక మలయాళీ కూర్చుని ఉంటే వాళ్లకు మీరు గీత గీసినట్టే. అలాంటప్పుడు మొదటి మాట ఇంగ్లిష్‌లోనో హిందీలోనో పడాలి.

మెస్, డప్పు, డిబేట్

మెస్‌లో మాట్లాడటానికి వార్డెన్ దగ్గర ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. లౌడ్‌స్పీకర్లు నిషేధం కాబట్టి గొంతే ఆధారం. వెనక గోడ ఉండేలా నిలబడితే మాట ముందుకు పోతుంది, ఫ్యాన్ల కింద నిలబడితే కలిసిపోతుంది. రెండు నిమిషాలు దాటొద్దు. చికెన్ వడ్డించే రోజు మెస్ కిటకిటలాడుతుందని ఆ రోజే పెట్టుకుంటారు చాలామంది. ఆ రోజు జనం ఉంటారు కానీ ఎవరి చెవులూ మీవైపు ఉండవు. మామూలు పప్పు రోజు ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య మంచిది.

ర్యాలీకి డప్పు ఉంటే లౌడ్‌స్పీకరు లోటు తెలియదు. వాయించే ముందు మంటకు కాచాలి, వాన తేమకు చర్మం సడలి దడదడ బదులు దబదబమంటుంది. కాగితాల మంట సిమెంటు నేల మీదే పెట్టండి, క్యాంపస్‌లో గడ్డి ఎక్కువ. లైబ్రరీ చుట్టుపక్కల డప్పు ఆపేయండి. రీడింగ్ రూమ్‌లో కూర్చున్నవాడి ఓటు ఒక్క దరువుతో పోతుంది. వాహనాలతో, జంతువులతో ప్రచారం నిషేధం, క్లాసులకు అడ్డం రాకూడదు, క్యాంపస్ గేటు బయట ఊరేగింపు కూడదు.

అధ్యక్ష అభ్యర్థుల డిబేట్ అంటే జేఎన్‌యూ పేరే ముందు గుర్తొస్తుంది. మీ దగ్గర అలాంటి బహిరంగ చర్చ పెడితే, ప్రసంగం కన్నా ప్రశ్నలకే ఎక్కువ సాధన చేయండి. మీ ప్యానెల్‌వాళ్లు నిరుడు విద్యార్థి సంఘంలో ఉండి ఏం చేశారు అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. తేదీలతో మూడు పనులు చెప్పగలగాలి, చేయలేనిది ఒకటి ఒప్పుకోగలగాలి. వ్యక్తిగత జీవితాల జోలికి వెళ్లడం నియమావళి ప్రకారమూ తప్పే, ఓట్లపరంగానూ నష్టమే.

మేనిఫెస్టో

ముప్పై హామీల మేనిఫెస్టోని ఎవరూ చదవరు, ప్రత్యర్థులు తప్ప. ఎనిమిది చాలు. రాయడానికి ముందు ప్రతి హామీ ఎదుటా అది ఎవరి చేతిలో ఉందో రాసుకోండి. సాంస్కృతిక ఉత్సవం, క్రీడా పోటీలు, హెల్ప్ డెస్క్, మెస్ కమిటీల పర్యవేక్షణ లాంటివి సంఘం నేరుగా చేయగలిగేవి. లైబ్రరీ వేళలు, షటిల్ బస్సుల ట్రిప్పులు, హెల్త్ సెంటర్‌లో రాత్రి డాక్టరు, వై-ఫై లాంటివి పాలకవర్గం మీద ఒత్తిడి తెచ్చి సాధించుకునేవి. మూడో రకం క్యాంపస్ చేతిలో లేనివి. నెట్ ఫెలోషిప్ రాని పరిశోధక విద్యార్థులకిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు రూ. 8,000 దగ్గరే ఉండిపోయింది, దాన్ని పెంచాల్సింది యూజీసీ, కేంద్రం. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే విద్యార్థులు పోరాడారు, నిలిపేయమని చెప్పింది మాత్రం సుప్రీంకోర్టు. ఇలాంటివి మేనిఫెస్టోలో ఉండాలి, కానీ ‘సాధిస్తాం’ అని కాకుండా ‘పోరాడతాం’ అన్న మాటతో. ఆ తేడా ఓటరు కనిపెడతాడు. ‘మెస్ బిల్లు తగ్గిస్తాం’ అనేదాని కంటే ‘ప్రతి నెలా మెస్ కొనుగోలు లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టిస్తాం’ అనేది బలమైన హామీ, ఎందుకంటే అది జరిగిందో లేదో కళ్లతో చూసుకోవచ్చు.

ఫోన్ల గురించి క్లుప్తంగా. 2006 నాటి నియమావళికి వాట్సాప్ తెలియదు, కానీ అబద్ధాలు, బెదిరింపులు, వ్యక్తిగత దాడులు ఎక్కడ చేసినా నియమభంగమే. గ్రూపుల్లో ఫార్వర్డు చేసిన పోస్టర్ కంటే, తెలిసిన మనిషి పేరుపెట్టి పంపిన రెండు వాక్యాలు పనిచేస్తాయి. అనుమతి లేకుండా ఎవరినీ గ్రూపులో చేర్చొద్దు. అమ్మాయిల నంబర్లున్న జాబితా ఏ రూపంలోనూ బయటికి పోకూడదు.

పోలింగ్ రోజు

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 24 గంటలు బహిరంగ సభలు నిషేధం. శుక్రవారం సాయంత్రం ఐదుకు పోలింగ్ ముగుస్తుందంటే గురువారం సాయంత్రం ఐదుకే సభలన్నీ ఆగిపోవాలి. గురువారం రాత్రి మెస్ మీటింగ్ పెట్టుకుని దొరికిపోయేవాళ్లు ఈ లెక్క వెనక్కి కట్టుకోనివాళ్లే. బూత్‌కు వంద మీటర్ల లోపు ఓటు అడగకూడదు. అభ్యర్థి పేరున్న టీషర్టు, బ్యాడ్జి వేసుకుని ఆ గీత లోపల నిలబడినా ఫిర్యాదు పడుతుంది. ఆ రోజు మంచినీళ్లు తప్ప తినేవీ తాగేవీ పంచకూడదు, కరపత్రాలు ఇవ్వకూడదు. ఓటర్లను వాహనాల్లో తీసుకురావడం అవినీతి చర్యల్లోకి వస్తుంది. సౌత్ క్యాంపస్ నుంచి నార్త్‌కు ఎండలో నడవాల్సి వచ్చినప్పుడు ‘బైక్ ఎక్కు తమ్ముడూ’ అనాలనిపిస్తుంది. అనొద్దు. నలుగురైదుగురు కలిసి నడుచుకుంటూ వెళ్లేలా ముందురోజే మాట్లాడుకోండి.

రిజిస్టరుకు ఫలం దక్కేది ఈ రోజే. ఖాయం గుర్తున్నవాళ్లలో ఎవరు ఓటేశారో ఫ్లోరు బాధ్యులు టిక్ పెట్టుకుంటూ పోవాలి. మధ్యాహ్నం ఒంటి గంటకు సగం కూడా పడకపోతే మిగతావాళ్లకు ఫోన్లు మొదలుపెట్టండి. శుక్రవారం పోలింగైతే హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పొద్దున్నే బస్సెక్కేస్తారు, వాళ్లను ముందే ఓటేసి వెళ్లమనాలి. ఏజెంట్లకు గుర్తింపు పత్రాలు ముందురోజే తీసుకోండి. బూత్‌కు ఇద్దరు, వంతులవారీగా. భోజనానికి ఇద్దరూ ఒకేసారి వెళ్లే బూత్‌లోనే దొంగ ఓటు పడుతుంది. పెట్టె సీలు వేసేముందు ఖాళీగా ఉందని చూడటం, సీలు మీద సంతకం, చివర్లో పోలైన మొత్తం ఓట్ల సంఖ్య నోట్ చేసుకోవడం ఏజెంటు కనీస విధులు.

లెక్కింపు, ఆ తర్వాత

లెక్కింపు రాత్రంతా సాగొచ్చు. కౌంటింగ్ ఏజెంట్లుగా గొంతు పెద్దవాళ్లను కాకుండా ఓపికున్నవాళ్లను పంపండి. మొదట చూడాల్సింది, బూత్‌లో నోట్ చేసుకున్న సంఖ్యా, పెట్టెలో తేలిన సంఖ్యా ఒకటేనా అని. చెల్లని ఓట్లు ఎక్కువగా వచ్చేవి ఒకే పదవికి రెండు గుర్తులు పెట్టడం వల్ల, గుర్తు ఇద్దరి గడుల మధ్య గీత మీద పడటం వల్ల. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న కొలత మొదటి కట్ట విప్పేముందే అధికారితో తేల్చుకోండి. మధ్యలో కొలత మారితే అభ్యంతరం అప్పుడే, కాగితం మీద. తేడా పదీ ఇరవై ఓట్లయితే రీకౌంటింగ్ కోరే లేఖ ఫలితం ప్రకటించకముందే అధికారి చేతిలో పడాలి. బయట నినాదాలు చేసేవాళ్లకు మొబైల్‌లో ఆధిక్యాలు చేరవేస్తూ కూర్చున్న ఏజెంటు కళ్లు కట్టల మీద ఉండవు. ఆ పని వేరేవాళ్లకు అప్పగించండి.

ఫలితం మీద ఫిర్యాదు చేయడానికి మూడు వారాల గడువుంది. విద్యార్థి సంక్షేమ డీన్ అధ్యక్షతన ఉండే గ్రీవెన్స్ సెల్‌కు ఆధారాలతో ఇవ్వాలి. అందులో ఒక సీనియర్ అధ్యాపకుడు, ఒక పాలనాధికారి, చివరి ఏడాది విద్యార్థులు ఇద్దరు ఉంటారు. ప్రచారం పొడవునా తీసిన ఫొటోలు, ఫిర్యాదుల నకళ్లు, రసీదులు ఒకే ఫైలులో ఉంటే ఇక్కడ అక్కరకొస్తాయి.

లెక్కలు రెండు వారాల్లో ఇవ్వాలని పైన చెప్పాం. గెలిచినవాళ్లు సంబరాల్లో, ఓడినవాళ్లు దిగాలులో దీన్ని మర్చిపోతారు. లెక్కలు ఇవ్వకపోతే గెలిచిన ఎన్నిక రద్దు కావొచ్చు. ఫలితం వచ్చిన మర్నాడే వోచర్లన్నీ తేదీలవారీగా అతికించి మొత్తం వేయండి. రిజిస్టరును చింపేయండి లేదా కాల్చేయండి. ఎవరు ఎవరి మనిషో రాసి ఉన్న పుస్తకం సంఘం ఆఫీసులో పడి ఉండటానికి వీల్లేదు. మెస్ సమస్యలు, నీళ్ల సమస్యలు రాసుకున్న పేజీలు మాత్రం వేరుచేసి దాచండి, ఓడినా సరే.

పోస్టర్లు తీయడం అంటించినవాళ్ల పనే. మైదా జిగురు మీద వేడినీళ్లు చల్లి పది నిమిషాలు నాననిస్తే బల్లపరుపు రేకుతో గీరినప్పుడు కాగితం పొరలు పొరలుగా కాకుండా ఒకేసారి ఊడివస్తుంది. పెయింట్ వేసిన బోర్డుల మీద టేపు అంటించి ఉంటే చివర పట్టుకుని నెమ్మదిగా, బోర్డుకు దగ్గరగా వెనక్కి లాగండి. గబుక్కున లాగితే పెయింట్ కూడా లేచి వస్తుంది.